మనం ఏ వారంలో వస్తాం?

మా ఆపా కూతురికి అమెరికాలో ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. సినిమా తీసే చదువు కాదు, సినిమాని చదివే చదువు. సినిమా, అమెరికన్ సంస్కృతి అని కోర్సు పేరు. మొదటి సెమిస్టర్ సిలబస్ కాగితాల మీద తీసుకుని మా ఇంటికొచ్చింది. పదిహేను వారాలు. వారానికో సినిమా, దాని మీద రెండు మూడు వ్యాసాలు. ఉర్దూలోనూ తెలుగులోనూ సినిమాల మీద ఏళ్ల తరబడి రాసినవాణ్ని కనుక నాకు చూపించాలని ఆమె ఆశ. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక కాగితాలు పరిచి, వేలు పెట్టి ఒక్కో వారం చదువుకుంటూ పోయింది. అన్నీ అయ్యాక తలెత్తి అడిగింది: "ఇస్‌మే హమ్ కౌన్‌సే హఫ్తే మే ఆతే మామూ?"

ఇందులో మనం ఏ వారంలో వస్తాం?

వెతికాను. రెండో వారం గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్'. నాలుగో వారం కౌబాయ్ సినిమా, జాన్ ఫోర్డ్ 'ది సెర్చర్స్'. ఆ తర్వాత గ్యాంగ్‌స్టర్లు, పాటల సినిమాలు, యుద్ధం సినిమాలు. పన్నెండో వారం దగ్గర నా వేలు ఆగింది. 'ఉగ్రవాదంపై యుద్ధం' అని శీర్షిక. దాని కింద 2012లో వచ్చిన 'జీరో డార్క్ థర్టీ'. ఆ సినిమా మొదట్లోనే చేతులు తాళ్లతో కట్టేసి నిలబెట్టిన మనిషి ఒకడు కనిపిస్తాడు. పదిహేను వారాల అమెరికాలో మనకిచ్చిన చోటు అది.

నేను నోరు తెరవకముందే వంటింట్లోంచి ఆపా అందుకుంది: "అన్ని లక్షలు పోసి, సాత్ సమందర్ దాటిపోయి సినిమాలు చూస్తదా? లా చదవమని నువ్వన్నా చెప్పు."

అటు సిలబస్‌లో చోటు లేదు. ఇటు ఇంట్లో ఒప్పుకోలు లేదు. ఈ రెండింటి మధ్య నిలబడ్డ పిల్లకి జవాబు చెప్పాలి. చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి.

నా చూపు తయారైంది సినిమా హాళ్లలోనే. చిన్నప్పుడు అబ్బా నన్ను 'మెకన్నాస్ గోల్డ్' మార్నింగ్ షోకి తీసుకుపోయాడు. 1969 నాటి సినిమా అయినా మన దేశంలో అది మళ్లీ మళ్లీ ఆడుతూనే ఉండేది. ఒమర్ షరీఫ్ తెర మీదికి రాగానే అబ్బా నా చెవిలో "మనోడు రా, మిస్రీ" అన్నాడు. మిస్ర్ అంటే ఈజిప్టు. ఆ మనోడు వేసింది మెక్సికన్ బందిపోటు వేషం. ఈజిప్టు వాడైనా మెక్సికో వాడైనా హాలీవుడ్‌కి తేడా లేదని అప్పుడు నాకేం తెలుసు? మనోడు కనిపించాడన్న సంబరంలో ఉన్నాను. అపాచీలు గుర్రాల మీద వస్తుంటే భయపడ్డాను. వాళ్లు కింద పడుతుంటే ఈల వేశాను. ఆ కొండలు ఎవరివి, అందులో బంగారం ఎవరిది అన్న ఆలోచన నాకు రాలేదు. ఈల వెయ్యడానికి ఆలోచన అవసరం లేదు కదా.

చాలా ఏళ్ల తర్వాత జేమ్స్ బాల్డ్విన్‌ని చదివినప్పుడు ఆ ఈల నాకు మళ్లీ వినపడింది. 1965లో కేంబ్రిడ్జిలో జరిగిన వాదంలో ఆ నల్ల రచయిత తన చిన్నతనం చెప్పుకున్నాడు. తెర మీద గ్యారీ కూపర్ ఇండియన్లను చంపుతుంటే సంతోషపడిన పిల్లవాడికి, ఆ ఇండియన్ తనేనని ఒకరోజు తెలిసిరావడం ఎంత దెబ్బో చెప్పాడు. 1976లో 'ది డెవిల్ ఫైండ్స్ వర్క్' పేరుతో సినిమాల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. బాల్డ్విన్‌కి సినిమా డిగ్రీ లేదు. అసలు ఏ డిగ్రీ లేదు. కానీ సినిమా ఎలా చూడాలో నాకు నేర్పిన మొదటి ఉస్తాద్ ఆయనే.

ఆ పుస్తకం నాకు దొరికిన చోటు కూడా చెప్పుకోదగ్గదే. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. తర్వాత దాని పేరు మారింది, రూపమూ మారింది. అమెరికా సాయంతో పెరిగిన లైబ్రరీ అది. 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టిన యూనివర్సిటీ ఆవరణలో, ఆ ఉర్దూ మాధ్యమం పోయిన తర్వాత వెలసిన అమెరికా పుస్తకాల కోట. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో మన చదువుకున్నవాళ్ల మనసుల్లో అమెరికాకి మంచి పేరు తేవడం అలాంటి సాయాల వెనక ఉన్న లెక్క. అయితే అమెరికాని నిలదీయడానికి కావలసిన పుస్తకాలు కూడా నాకు అక్కడే దొరికాయి. పుస్తకాలు కొనిచ్చినవాడు వాటిలోంచి మనం ఏం చదువుకోవాలో తేల్చలేడు. ఈ మాట గుర్తుపెట్టుకోమని మా భాంజీకి మొదటే చెప్పాను.

ఇక క్లాసు సంగతి. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకచోట సినిమా రసాస్వాదన క్లాసులకి వెళ్లేవాణ్ని. చోటు పేరు, మనిషి పేరు అనవసరం. మాస్టారు మంచివాడు, చదువుకున్నవాడు, అభ్యుదయవాది. 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' నుంచి చివరి ఘట్టం వేసి చూపించాడు. తెల్ల ముసుగుల క్లాన్ గుర్రాల మీద దూసుకొస్తుంటుంది. అటు గుడిసెలో చిక్కుకున్న తెల్ల కుటుంబం. ఇటు గుర్రాలు, అటు గుడిసె, ఇటు గుర్రాలు. ఆయన మాతో అన్నాడు: "కథని కాసేపు పక్కన పెట్టండి. కటింగ్ చూడండి." పెట్టాం. చూశాం. నా గుండె కూడా గుర్రాలతో పాటే పరుగెత్తింది. క్లాన్ సకాలంలో రావాలని నేనూ కోరుకున్నాను! కటింగ్ అంటే అది.

రెండు వారాల తర్వాత యాక్షన్ ఎడిటింగ్ పాఠానికి 1994 నాటి 'ట్రూ లైస్' నుంచి ఒక ముక్క వేశాడు. ష్వార్జ్‌నెగ్గర్ ఒక్కడే అరబ్బులను పిట్టల్లా రాల్చేస్తుంటాడు. క్లాసంతా నవ్వింది. అది 2001, అమెరికాలో జంట భవనాలు కూలిన కొద్ది వారాలకే. నవ్వుతున్నవాళ్లలో ఒకడు నా వైపు తిరిగి "ఏం భాయ్, మీవాళ్లే కదా" అన్నాడు. మాస్టారికి వినపడింది. ఆయన నొచ్చుకుని, "అది పక్కన పెట్టండయ్యా, టైమింగ్ చూడండి" అన్నాడు.

పక్కన పెట్టమన్నది దేన్ని? నన్ను.

ఉర్దూలో నజర్ వేరు, నజరియా వేరు. నజర్ అంటే కంటి చూపు. నజరియా అంటే ఎక్కడ నిలబడి చూస్తున్నామో, ఆ నిలబడిన చోటు ఇచ్చే ఆలోచన. సినిమా క్లాసులు నజర్‌ని బాగా నేర్పుతాయి. షాట్ ఎంతసేపు ఉంది, వెలుగు ఎటునుంచి పడింది, కెమెరా కిందనుంచి చూస్తోందా పైనుంచి చూస్తోందా, అన్నీ చెప్తాయి. నజరియా మాటెత్తితే మాత్రం అది రాజకీయం, క్లాసు బయట మాట్లాడుకుందాం అంటాయి. తెలుగులో రెంటికీ 'చూపు' అనే ఒక్కమాటే వాడుకుంటాం. నన్నడిగితే ఈ విషయంలో తెలుగే నిజం చెప్తోంది. ఆ రెండింటినీ విడదీయలేం.

సినిమా యూనివర్సిటీలోకి ఎలా వచ్చిందో చూస్తే ఈ విడదీత ఎక్కడిదో తెలుస్తుంది. 1915లో కొలంబియా యూనివర్సిటీలో విక్టర్ ఫ్రీబర్గ్ అనే ఆయన సినిమా కథల రచన మీద పాఠాలు మొదలుపెట్టాడు. సరిగ్గా అదే ఏడు 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' విడుదలైంది. 1929లో దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఆస్కార్లు ఇచ్చే అకాడమీ కలిసి సినిమా కోర్సు పెడితే మొదటి ఉపన్యాసం ఇచ్చింది డగ్లస్ ఫెయిర్‌బాంక్స్. ఎవరాయన? 1924లో 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'గా వేషం కట్టిన హీరో. అంటే అమెరికా సినిమా చదువుకి బిస్మిల్లా చెప్పినవాడు ఒక ఉత్తుత్తి బాగ్దాదీ! 1935లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఫిల్మ్ లైబ్రరీ పెట్టి, పాత సినిమాలు పోగుచేసి కాలేజీలకి అద్దెకి పంపించింది. ఆ పని చెయ్యకపోతే ఎన్నో సినిమాలు బూడిదయ్యేవి. మెచ్చుకోవాలి. అయితే సినిమాని చదువుగా నిలబెట్టాలంటే ముందు అది కళ అని ఒప్పించాలి. కళ అని ఒప్పించాలంటే శిల్పం గొప్పదనం చూపించాలి. శిల్పానికి గ్రిఫిత్‌ని మించిన ఉదాహరణ వాళ్లకి దొరకలేదు. అలా కథ పక్కకి పోయింది, కటింగ్ పాఠమైంది.

పక్కకి పోయిన కథ ఏమిటి? థామస్ డిక్సన్ 1905లో రాసిన 'ది క్లాన్స్‌మన్' అనే నవల దానికి మూలం. అమెరికా అంతర్యుద్ధం తర్వాత నల్లవాళ్లు చట్టసభల్లోకి వస్తే దేశం నాశనమైందని, క్లాన్ వచ్చి కాపాడిందని చెప్పే కథ. ముఖ్యమైన నల్ల పాత్రలు వేసింది ముఖాలకి మసి పూసుకున్న తెల్లవాళ్లు. సినిమాని వైట్ హౌస్‌లో ప్రెసిడెంట్ విల్సన్‌కి చూపించారు. నల్లవాళ్ల హక్కుల సంఘం ఊరూరా అడ్డుపడింది, ఆపించలేకపోయింది. అదే ఏడు చివర్లో జార్జియాలో క్లాన్ మళ్లీ పుట్టింది. తెర మీద గుర్రాలు తెర దిగి రోడ్డు మీదికి వచ్చాయి. ఇదంతా తెలిశాక కటింగ్‌ని ఒంటరిగా చూడడం కుదురుతుందా? ఆ కటింగ్ లేకపోతే ఆ ద్వేషానికి అంత వేగం రాదు. ఆ ద్వేషమే ఆ శిల్పానికి పని కల్పించింది.

దీనికి జవాబు అప్పుడే వచ్చింది. ఆస్కార్ మిషో అనే నల్ల దర్శకుడు 1920లో 'వితిన్ అవర్ గేట్స్' తీశాడు. ఒక నల్ల కుటుంబాన్ని తెల్ల గుంపు చంపడం, అదే సమయంలో ఆ ఇంటి పిల్ల మీద ఒక తెల్లవాడు పడడం, ఈ రెండింటినీ కత్తిరించి కలిపి చూపించాడు. గ్రిఫిత్ కత్తెరనే తీసుకుని గ్రిఫిత్ చెప్పిన అబద్ధాన్ని కోశాడు. ఆ సినిమా ఏమైంది? ప్రింట్లు పోయాయి. దశాబ్దాల తర్వాత స్పెయిన్‌లో ఒక ప్రింటు దొరికితే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1993లో బాగుచేసింది. గ్రిఫిత్ ప్రతి క్లాసులోనూ ఆడుతూ ఉన్న కాలంలో మిషో డబ్బాలో పడి ఉన్నాడు. ఒకరి సినిమా సిలబస్‌లో ఉండడం, ఇంకొకరిది లేకపోవడం కేవలం గొప్పదనం లెక్క కాదని దీన్నిబట్టి తెలియడం లేదా? ఎవరి రీళ్లు ఎవరు దాచారన్నదీ లెక్కే.

స్పైక్ లీ కథ మా భాంజీకి నేను విడమరిచి చెప్పాను, ఎందుకంటే అది అచ్చంగా క్లాసు కథ. 1979లో న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా చదవడానికి చేరాడు. అక్కడా గ్రిఫిత్ పాఠమే, అక్కడా శిల్పమే. ఈ సినిమా వల్ల నల్లవాళ్లకి ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదని ఆయన కోపం. మొదటి ఏడాది అభ్యాసంగా 1980లో 'ది ఆన్సర్' అనే చిన్న సినిమా తీశాడు. 'బర్త్ ఆఫ్ ఎ నేషన్'ని మళ్లీ తీయమని ఒక నల్ల రచయితని పిలుస్తారు, అదీ కథ. అధ్యాపకుల్లో కొందరికి మింగుడుపడలేదు. తనని పంపించేయాలని చూశారని ఆయన తర్వాత పలుచోట్ల చెప్పాడు. పంపలేకపోయారు. చదువు పూర్తిచేశాడు. 1990ల్లో అదే యూనివర్సిటీకి అధ్యాపకుడిగా తిరిగొచ్చాడు.

అసలు జవాబు 2018లో వచ్చింది. 'బ్లాక్‌క్లాన్స్‌మన్' అనే సినిమాలో క్లాన్ సభ్యులు 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' వేసుకుని కేరింతలు కొడుతుంటారు. ఇంకోచోట ముసలి హ్యారీ బెలఫాంటే, 1916లో టెక్సస్‌లోని వేకోలో జెస్సీ వాషింగ్టన్ అనే నల్ల కుర్రవాణ్ని గుంపు ఎలా చంపిందో నల్ల విద్యార్థులకి నెమ్మదిగా చెప్తుంటాడు. ఇటు కేరింతలు, అటు ఆ ముసలి గొంతు. ఇటు, అటు. ఏ కటింగ్‌ని చూడమన్నారో అదే కటింగ్. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత విద్యార్థి తన పరీక్ష పేపర్ రాసిచ్చాడు. శిల్పం నేర్చుకోనక్కర్లేదని ఆయన అనలేదు. నేర్చుకుని దాని చెయ్యి తిప్పాడు.

ఆయన ఒక్కడే కాదు. లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏలో 1960ల చివర నుంచి నల్ల విద్యార్థులు ఒక తరంగా వచ్చారు. చార్లెస్ బర్నెట్ చదువులో భాగంగా తీసిన 'కిల్లర్ ఆఫ్ షీప్' కబేళాలో పనిచేసే మనిషి ఇంటి కథ. 1970ల్లో తయారైనా, అందులోని పాటల హక్కుల చిక్కుల వల్ల 2007 దాకా హాళ్లలో సరిగా విడుదల కాలేదు. ఇథియోపియా నుంచి వచ్చిన హైలే గెరీమా, తర్వాత జూలీ డాష్, అందరూ ఆ చెట్టు కొమ్మలే. యూనివర్సిటీ వాళ్లకి కెమెరా ఇచ్చింది, చీకటి గది ఇచ్చింది. నజరియా వాళ్లు ఇంటినుంచి తెచ్చుకున్నారు.

మరి మన సంగతి? మనల్ని లెక్కపెట్టినవాడు ఒకడున్నాడు. జాక్ షాహీన్. లెబనాన్ నుంచి వలస వచ్చిన క్రైస్తవ కుటుంబంలో పుట్టి, ఇల్లినాయ్‌లో మాస్ కమ్యూనికేషన్ చెప్పిన ప్రొఫెసర్. 1984లో టీవీ అరబ్బు మీద, 2001లో సినిమా అరబ్బు మీద పుస్తకాలు రాశాడు. రెండోదానికి తొమ్మిది వందలకి పైగా హాలీవుడ్ సినిమాలు చూశాడు. వాటిలో అరబ్బుని మనిషిగా, మంచిగా చూపించినవి డజను దాటలేదని తేల్చాడు. 1921లో వాలెంటినో 'ది షేక్' నుంచి మొదలుపెట్టి అదే వేషం: ఆడవాళ్లని ఎత్తుకుపోయేవాడు, నూనె డబ్బు విసిరేవాడు, తర్వాత బాంబు పట్టుకున్నవాడు. 1992లో డిస్నీ 'అలాదీన్' మొదటి పాటలో, ముఖం నచ్చకపోతే చెవి కోసే దేశం అన్న మాట పెట్టారు. అరబ్ అమెరికన్లు గొడవ చేస్తే 1993లో వీడియోకి ఆ పాదం మార్చారు. ఆ దేశం అనాగరికం అన్న మాట మాత్రం అట్లాగే ఉంచారు. చెవి మిగిలింది, పరువు మిగల్లేదు.

షాహీన్‌కి మనం రుణపడి ఉన్నాం. కానీ లెక్క దగ్గరే ఆగితే చిక్కే. లెక్కకి తిరుగు జవాబు లెక్కే అవుతుంది: సరే, ఒక మంచి ముస్లింని పెడతాం, తీసుకోండి అంటారు. ఎవలిన్ అల్సుల్తానీ అనే పరిశోధకురాలు 2012లో రాసిన పుస్తకంలో ఈ మంచి ముస్లిం గుట్టు విప్పింది. 2001 తర్వాత టీవీ సీరియళ్లలో టెర్రరిస్టు పక్కనే ఒక దేశభక్త ముస్లింని పెట్టడం రివాజైంది. చూడండి, మేం అందర్నీ ఒకే గాటన కట్టడం లేదని చెప్పుకోవడానికి వాడు పనికొస్తాడు. వాడి పని అంతే. వాణ్ని పెట్టాక మిగతావాళ్లని ఏం చేసినా తప్పు లేదు.

ఈ మంచి ముస్లింని మనం ఎరగమా? మన తెలుగు సినిమాలో హీరో ప్రాణ స్నేహితుడు, నమాజు టోపీ, నోట్లో "అల్లా" తప్ప ఇంకో మాట లేనివాడు, ఇంటర్వెల్ తర్వాత హీరో కోసం గుండు దెబ్బ తిని చచ్చేవాడు. వాడు కాకపోతే సుర్మా పెట్టుకున్న విలన్. అటు చచ్చేవాడు, ఇటు చంపేవాడు. కిరాణా కొట్టులో ఉప్పు కొనేవాడు, కరెంటు బిల్లు కట్టేవాడు, కూతురి ఫీజు కోసం అప్పు చేసేవాడు ఎక్కడ? ఈ మాట ఒకసారి తెలుగు పత్రికకి సమీక్షలో రాస్తే డెస్కులో ఎగిరిపోయింది. అదే ఉర్దూలో రాస్తే వహ్వా అన్నారు. అక్కడ చదివేదంతా మనవాళ్లే కనుక ఆ వహ్వా వల్ల ఒరిగింది ఏమీ లేదు.

2021లో దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో లెక్క తీశారు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్లలో 2017 నుంచి 2019 దాకా బాగా ఆడిన 200 సినిమాల్లో మాట్లాడే పాత్రలు 8,965. ముస్లింలు 1.6 శాతం. 181 సినిమాల్లో ఒక్కరూ లేరు. బాగ్దాద్ దొంగ తొలి పాఠం చెప్పిన చోటునుంచే ఈ లెక్క కూడా వచ్చింది. యూనివర్సిటీ అంటే ఇదే. తప్పు చేసిన చోటే ఆ తప్పుని పట్టే పనిముట్లు కూడా ఉంటాయి. అందుకే దాన్ని వదులుకోకూడదంటాను.

అందుకే భాంజీకి చెప్పాను: పన్నెండో వారం రాగానే తల దించుకోకు. ఆ రోజు రెండో వారం పాఠం బయటికి తియ్యి. 'జీరో డార్క్ థర్టీ' ఎలా మొదలవుతుంది? తెరంతా నలుపు. బొమ్మ లేదు. 2001 సెప్టెంబరు 11న చనిపోతున్నవాళ్ల గొంతులు మాత్రం వినపడతాయి. ఆ నలుపు మీదనుంచి కత్తిరిస్తే తాళ్లతో కట్టేసిన మనిషి. మధ్యలో అఫ్ఘానిస్తాన్ లేదు, ఇరాక్ లేదు, పొరపాటున పట్టుకుపోయినవాళ్లు లేరు. ఆ గొంతులకి ఈ తాళ్లు బదులు అని ఒక్క మాట కూడా లేకుండా కట్ చెప్పేసింది. చిత్రహింస వల్లే బిన్ లాడెన్ ఆచూకీ దొరికిందన్నట్టు సినిమా చూపించడాన్ని అమెరికా సెనేటర్లే తప్పుపట్టారు. 2014లో సెనేట్ కమిటీ నివేదిక కూడా ఆ వాదాన్ని కొట్టేసింది. నివేదిక ఎంతమంది చదివారు? సినిమా ఎంతమంది చూశారు? ఆ కట్‌ని పట్టుకోవాలంటే కటింగ్ తెలియాలి. మా మాస్టారు నేర్పిన నజర్ నాకు అక్కడ పనికొచ్చింది. ఆయన వద్దన్న నజరియా కూడా.

మనం వచ్చే వారం ఇంకోటి ఉంది, సిలబస్‌లో లేనిది. ముస్తఫా అక్కాద్. సిరియాలోని అలెప్పోలో పుట్టాడు. 1950ల్లో సినిమా చదువుతానని అమెరికా బయల్దేరితే తండ్రి చేతిలో రెండొందల డాలర్లు, ఒక ఖురాన్ పెట్టి పంపాడని ఆయనే చెప్పుకునేవాడు. యూసీఎల్ఏలో, ఆ తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో చదివాడు. 1976లో 'ది మెసేజ్' తీశాడు. ఒకే సెట్టులో రెండుసార్లు తీశాడు: ఇంగ్లీషులో హంజాగా ఆంథొనీ క్విన్, అరబ్బీలో అబ్దుల్లా గైస్. ఇస్లాం పుట్టుక కథలో ప్రవక్తని చూపించకూడదు, గొంతు వినిపించకూడదు. హాలీవుడ్ సూత్రం ప్రకారం హీరో లేని సినిమా అది. అక్కాద్ ఏం చేశాడు? ప్రవక్త నిలబడే చోట కెమెరాని నిలబెట్టాడు. పాత్రలు కెమెరా వైపు చూసి మాట్లాడతాయి, కెమెరాకి తల వంచుతాయి. అదబ్ ఒక షాట్‌గా మారింది. శిల్పం వేరు, విశ్వాసం వేరు, రాజకీయం వేరు అనేవాళ్లకి ఈ ఒక్క షాట్ చాలు.

ఆ సినిమాకి మనం ఏం చేశామో కూడా చెప్పాలి, చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో కొందరు ముస్లింలు తుపాకులతో భవనాలు పట్టుకుని మనుషుల్ని బందీలు చేశారు. వాళ్ల డిమాండ్లలో ఒకటి ఈ సినిమాని ఆపాలని. సినిమా చూసి అడిగింది కాదు. 2005లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో హోటళ్ల మీద అల్‌ఖాయిదా బాంబులు పేల్చినప్పుడు అక్కాద్ కూతురు చనిపోయింది. గాయాలతో రెండు రోజులకి ఆయనా పోయాడు. ఇస్లాంని ప్రపంచానికి గౌరవంగా చూపించిన మనిషిని ఇస్లాం పేరు చెప్పుకునేవాళ్లే చంపారు. హాలీవుడ్‌ని తిట్టే ప్రతిసారీ ఈ సంగతి నా గొంతులో అడ్డుపడుతుంది. అడ్డుపడాలి కూడా. ముందు మన ఇళ్లల్లో సినిమా చదువంటే హరాం అనేవాళ్లకీ, చూడకుండానే రాయి పట్టుకునేవాళ్లకీ మనం జవాబు చెప్పుకోవాలి.

కనుక మాకొక వారం ఇవ్వండి అని అడుక్కోవడం నాకిష్టం లేదు. వారం ఇస్తే పండగ రోజు సేమియా పంపినట్టు ఇస్తారు, మర్నాటికి మరిచిపోతారు. కావలసింది పదిహేను వారాలూ. గ్రిఫిత్ వారంలో, మసి పూసుకున్నది ఎవరని అడగాలి. 'ది సెర్చర్స్' వారంలో, కోమంచీ నాయకుడి వేషం జర్మనీలో పుట్టిన తెల్ల నటుడికి ఎందుకిచ్చారని అడగాలి, నాలాగా ఈల వేసినవాళ్లు ఎవరని కూడా అడగాలి. అపాచీల కోసం అడగనివాడికి అరబ్బుల కోసం అడిగే హక్కు సగమే.

ఇవన్నీ చెప్తుంటే పిల్ల కాగితాల పక్కన పెన్సిల్‌తో రాసుకుంది. పన్నెండో వారం దగ్గర గీత గీసి, రెండో వారానికి బాణం గుర్తు పెట్టింది.

ఆపా చాయ్ తెచ్చి అక్కడే కూర్చుంది. నేను ఫోన్లో 'ది మెసేజ్' పెట్టి ఆమె చేతికిచ్చాను. కాసేపు చూసింది. దుపట్టా తల మీదికి లాక్కుంది. మా చిన్నప్పుడు వీసీఆర్ అద్దెకి తెస్తే గల్లీలో ఆడవాళ్లంతా తలలు కప్పుకుని కూర్చుని చూసిన సినిమా అది. ఆ రోజు దాదీ ఏడ్చింది. ఆపాకి గుర్తుంది.

"ఇది తీసినాయన ఇదే చదువు చదివిండా?" అంది.

"ఇదే చదువు. అదే ఊళ్లో."

ఏమీ అనలేదు. సినిమా ఆపలేదు కూడా. కాసేపయ్యాక కళ్లు ఫోన్ మీదే ఉంచి కూతుర్ని అడిగింది: "ఫీజు ఎన్ని దఫాలుగా కట్టనిస్తారట?"